అమ్మోరిని దాటని బస్సు

రొయ్యల షెడ్డులో పని అయ్యేసరికి నా చేతులు నావి కానట్టే ఉండేవి. తెల్లారక ముందు నుంచీ ఐసు ముక్కల్లో చేతులు పెట్టి తొక్క వలిచి వలిచి, వేళ్ళ చివర్లు నానిన అటుకుల్లా తెల్లబడిపోయేవి. బస్సులో కండక్టరు టిక్కెట్టు ఇస్తే అది చేతిలో ఉందో జారిపోయిందో తెలిసేది కాదు. ఫిషింగ్ హార్బరు నుంచి పూర్ణా మార్కెట్ దాకా నడక, అక్కడ గాజువాక పోయే బస్సు, శ్రీహరిపురం దాటాక మా గెడ్డ, అదే వాగు, దాని అవతల మా సందు దగ్గర దిగడం. ఇదీ నా దారి. చెప్పడానికి ఇంతే. బస్సు రావాలి, వచ్చినది ఆగాలి, ఆగినదాంట్లో కాలు పెట్టడానికి చోటుండాలి. ఇవన్నీ కుదిరిన రోజు పండగే.

అప్పటికి నా పెద్దకూతురు మూడు నెలల పసిపిల్ల. నేను మళ్ళీ పనిలోకి వెళ్ళడం మొదలుపెట్టి వారం కూడా కాలేదు. పిల్లని మా అత్త దగ్గర వదిలి వెళ్ళేదాన్ని. ఆవుపాలల్లో నీళ్ళు కలిపి కాచి మా అత్త ఉగ్గుగిన్నెతో పోస్తే, ఆ పిల్ల ఒక్క చుక్క మింగితే ఒట్టు. పెదాలు బిగించేది. మింగింది కదా అని మనం సంతోషపడేలోపు నోటి పక్క నుంచి మొత్తం కార్చేసేది.

"ఓలమ్మ! రొయ్యల వోసనుంటే గానీ దీనికి గొంతు దిగదు కావాల" అనేది మా అత్త. నవ్వుతూనే అనేది, మొదటి రెండు రోజులూ.

నేను చెప్పబోయే రోజుకి ముందురోజు ఏమైందో చెప్పకపోతే నా కంగారు మీకు తెలీదు. బస్సు దొరక్క ఆలస్యమైంది. ఇంటికి వెళ్ళేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడి ఉంది. రొమ్ము నోట్లో పెట్టినా పట్టలేదు. అరికాలు గిల్లాను, చెవిలో ఊదాను, తడిబట్టతో మొహం తుడిచాను. ఎంతసేపటికో పెదాలు కదిలాయి. అంతసేపూ మా అత్త పక్కనే కూర్చుని నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడ తిట్టకుండా ఉండడం నేను చూడడం అదే మొదలు. నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

అందుకని ఆ రోజు షెడ్డులో మేస్త్రమ్మ కాళ్ళావేళ్ళా పడి కొంచెం ముందే బయటపడ్డాను. బస్సు కూడా వెంటనే దొరికింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది. ఇంకేం, దేవుడు మన వైపే ఉన్నాడనుకున్నాను.

నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. చేపలమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి పోతోంది. ఆ గంప కాళ్ళ దగ్గర పెట్టుకుంటే కండక్టరుకి అడుగు వేయడానికి లేదు.

"మామ్మా, ఆ గంప మీదన పెట్టీయే. బస్సంతా కంపు" అన్నాడు.

"నీ బస్సు కంపుకి నా గంప తోడులేరా నాయినా. దానికీ టిక్కెట్టు కొట్టీసినావు కదేటి? కూకోనీ దాన్ని" అంది ముసలమ్మ.

బస్సంతా నవ్వారు. నేనూ నవ్వాను. అంత తేలిగ్గా ఉంది మనసు.

మల్కాపురం దాటామో లేదో బస్సు ఆగిపోయింది. కాసేపు కదిలేది, మళ్ళీ ఆగేది. నడిచే మనుషులు మమ్మల్ని దాటి పోతున్నారు. మా ముందు సీట్లో గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినాయన ఒకరు ఉన్నారు. టిఫిను క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, "ఇదేం గోలండీ బాబూ, మా ఊళ్ళో ఈపాటికి నడిచి రెండు ఊళ్ళు తిరిగొద్దునండీ" అని ఎవరికీ కాకుండా అందరికీ చెబుతున్నారు. చివరికి కండక్టరు దిగి ముందుకు వెళ్ళి చూసి వచ్చాడు. వచ్చి ఫుట్‌బోర్డు మీద నిలబడిపోయాడు.

"ఏటైందిరా?" అన్నాడు డ్రైవరు.

"పోర్టు కాడ్నించి ఫేక్టరీకి ఏటో ఎల్తంది బావా."

"ఏటో అంటే ఏటి?"

"ఏటో అంటే ఏటో. నాను సెప్పలేను. నువ్వే సూసుకో."

అప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్నారు. మా ఆయన అక్కడే, బరువులెత్తే ఖలాసీలకు తాళ్ళందించే పనిలో ఉండేవాడు. రోజూ ఇంటికొచ్చి కథలు చెప్పేవాడు. మనిషెత్తు బోల్టు చూశాననేవాడు, గది అంత గొట్టంలో కూర్చుని అన్నం తిన్నాననేవాడు. "నీ బోల్టు కంటే నీ నోరు పెద్దది" అని కంచంలో ఇంకో ముద్ద వేసేదాన్ని. ఒక్క ముక్క నమ్మేదాన్ని కాదు.

బస్సు ఒక వంపు తిరిగింది. కిటికీలోంచి తల పెట్టి చూశాను. రోడ్డుకి అడ్డంగా ఎవరో గోడ కట్టేశారనుకున్నాను. తుప్పు రంగు గోడ, గుండ్రంగా ఉంది. రెండు పక్కల ఉన్న మేడల కంటే ఎత్తు. ఆ గోడ మీద మనుషులు నిలబడి ఉన్నారు. చేతుల్లో పొడుగాటి వెదురు గెడలతో కరెంటు తీగలు పైకెత్తి పట్టుకుంటున్నారు. అంత దూరం నుంచి వాళ్ళు కందిరీగలంత ఉన్నారు. నేను అలా చూస్తూ ఉండగానే ఆ గోడ కదిలింది.

బస్సులో అందరూ కిటికీల వైపు ఒరిగారు. గోదావరి ఆయన కూడా క్యారేజీ పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. అంత పెద్దది కదులుతుంటే, ఆగి ఉన్నప్పటి కంటే ఇంకా పెద్దదిగా కనిపించింది. ఆ వెనక భాగానికి పసుపు పూసి ఉంది. నడుమ చాటంత కుంకుమ బొట్టు. చుట్టూ బంతిపూల దండ, వేపకొమ్మలు, కట్టిన నిమ్మకాయలు.

ముసలమ్మ చెప్పులు విడిచేసింది.

ఆ దండా వేపకొమ్మలూ మా వైపు జనానికి ఏం చెబుతాయో వేరే చెప్పాలా? ఊరమ్మవారి పండగకి ఘటం బయల్దేరితే ఎవరూ దాన్ని దాటి ముందుకు పోరు. ఎంత తొందరున్నా వెనకాలే నడుస్తారు. దారిపొడుగునా ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు తెచ్చి ఆ దారి మీద పోస్తారు. ఎడ్లబండి వాళ్ళు కూడా ఎడ్లని విప్పేసి నిలబడతారు. చిన్నప్పటి నుంచీ ఎముకల్లోకి దిగిపోయిన సంగతి అది.

కొంత దూరం పోయాక రోడ్డు పక్క లారీలు నిలిపే ఖాళీ జాగా వచ్చింది. దాన్ని మోసే పెద్ద బండి పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. పోలీసాయన చెయ్యి ఊపి, ముందు మా బస్సునే పొమ్మన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. పొద్దు కుంకడానికి ఇంకా సమయం ఉంది. డ్రైవరు గేరు మార్చాడు. బస్సు ముక్కు బయటకు తిరిగింది.

"ఆపరా! ఆపు! అమ్మోరిని దాటించేత్తావా?" అని ముసలమ్మ అరిచిన అరుపుకి బస్సు కుదుపుతో ఆగింది.

గోదావరి ఆయన వెనక్కి తిరిగారు. "అమ్మోరేంటండీ! అది ఇనప పీపా అండీ! ఫ్యాక్టరీలో వాడతారండీ!"

"బొట్టు కనబడ్నేదా నీకు? యాపకొమ్మలు కనబడ్నేదా? ఇనప పీపాకి ఎవులైనా బొట్టెడతారేటి?"

"దసరాకి మా ఆఫీసులో టైపు మిషనుకీ పెడతామండీ!"

"అయితే నువ్వు దిగి టైపు మిసన్ని దాటుకో. ఈ బస్సు దాటదు."

ఇంకా పదిమంది ఆడవాళ్ళు "దాటకు బాబూ, దాటకు" అన్నారు. డ్రైవరు అద్దం పైన పెట్టుకున్న సింహాద్రప్పన్న పటం వైపు చూశాడు. స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. "నాను దాటను బావా. నాను రోజూ తిరగాల ఈ రోడ్డు మీద" అన్నాడు కండక్టరుతో.

పోలీసాయన ఈల మీద ఈల వేస్తున్నాడు. వెనక లారీలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. మా బస్సు రోడ్డుకి అడ్డంగా సగం తిరిగి నిలబడిపోయింది, వాళ్ళకీ దారి లేదు. చివరికి ఆ పెద్ద బండే మళ్ళీ రోడ్డెక్కి ముందుకు సాగింది. దొరికిన దారి మూసుకుపోయింది. గోదావరి ఆయన రెండు చేతులతో నెత్తి పట్టుకుని కూర్చున్నారు.

నేనేం చేశానంటారా? పొమ్మని అరవాలనే ఉంది. ఇంట్లో పసిపిల్ల ఉంది బాబూ అని ఒక్క మాట అంటే చాలు. కానీ చూసుకుంటే అప్పటికే నా చేతులు రెండూ జోడించి ఉన్నాయి. దణ్ణం పెడుతూ దాటమని ఎలా అంటాను?

అంతలో వెనక సీట్లో ఎవరి పిల్లో ఏడ్చింది. ఏ పిల్లయితేనేం, పాలతల్లి ఒంటికి ఆ తేడా తెలీదు. చేపు వచ్చేసింది. జాకెట్టు తడిసింది, పమిట తడిసింది. పమిట మడతలు పెట్టి అదుముకున్నాను. ఆగలేదు. కళ్ళమ్మట కూడా నీళ్ళు కారుతున్నాయి.

ముసలమ్మ నా వైపు చూసింది. మొహం చూడలేదు, తడిసిన పమిట చూసింది.

"ఎన్నో నెలే గుంటకి?"

"మూడు."

"పొద్దుట్నించీ ఏటి తాగినాది?"

"ఏటీ తాగదు మామ్మా. నాను ఎల్తేనే తాగుతాది. నిన్న ఎల్లేతలికి పడిపోయుంది."

ముసలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆవిడ కదా బస్సు ఆపింది. తన భుజం మీద తువ్వాలు తీసి నా గుండెల మీద కప్పి, రెండు కొసలూ మెడ వెనక ముడేసింది.

"లెగు. నడిసెల్లిపో. బస్సు దాటకూడదు గానీ తల్లి దాటితే అమ్మోరు ఏటనదు. అమ్మోరు నీ కుడిసేతి కాడుండేటట్టు నడు. ముందుకెల్లేక అడిగి దాటు. అడక్కుండా దాటీకు."

"ఎవుల్ని అడగాల మామ్మా?"

"ముందెవులుంటే ఆళ్ళని!"

దిగాను. లారీల పక్క నుంచీ, తోసుకుని నిలబడ్డ జనం మధ్య నుంచీ వెళ్ళి దాని పక్కకి చేరాను. దూరం నుంచి చూడడం వేరు. దగ్గరికి వెళ్ళేసరికి ఆకాశం సగం లేదు. కింద చక్రాలు, వరసగా, ఒకదాని వెనక ఒకటి, నా భుజం ఎత్తున. లెక్కపెడదామని మొదలుపెట్టి వదిలేశాను. అన్నీ తిరుగుతున్నాయి కానీ తిరుగుతున్నట్టు లేవు. చీమ పాకినంత నెమ్మది. వాటి కింద చిన్నరాయి పడితే పొడి అయిపోయి గాలిలోకి లేచేది. రోడ్డు నా అరికాళ్ళ కింద వణుకుతోంది. ఆ వణుకు మోకాళ్ళ దాకా, పళ్ళ దాకా వస్తోంది. ముందు ఒక ఇంజను లాగుతోంది, వెనక ఇంకొకటి తోస్తోంది. రెండూ మూలుగుతుంటే ఆ మూలుగు పీపా లోపలికి దూరి, సముద్రం రాత్రంతా ఘోషించినట్టు లోపలే తిరుగుతోంది.

పక్కన తెల్లరంగుతో ఏవో అక్షరాలు. ఒక్కో అక్షరం నాకంటే పొడవు. తెలుగే కూడబలుక్కుని చదివేదాన్ని, అది ఏ దేశం రాతో నాకేం తెలుసు. అంత పెద్ద అక్షరం రాసినవాడు నిచ్చెన వేసుకుని రాశాడా, వేలాడుతూ రాశాడా అనుకున్నాను. చెయ్యి చాపి దాన్ని తాకాను. రోజంతా ఎండకి కాగి, గేదె పొట్టలా వెచ్చగా ఉంది. ఐసులో మొద్దుబారిన నా వేళ్ళకి ఆ రోజు మొదటిసారి ఏదో తగిలినట్టు తెలిసింది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. తాకుతూనే నడిచాను. ఆ బండి కంటే నా నడకే జోరు.

మా ఆయన చెప్పినవన్నీ నిజమేనన్నమాట. పైగా తగ్గించి చెప్పాడు.

ముందు భాగానికి వచ్చేసరికి గెడ్డ వచ్చేసింది. గెడ్డ మీద సన్నటి కల్వర్టు. దాని మీద ఖలాసీలు ఇనప రేకులు పరుస్తున్నారు. పోలీసులు అటూ ఇటూ తాడు కట్టి మనుషుల్ని ఆపేశారు. ఆ బండి కల్వర్టు ఎక్కిందంటే అవతలికి దిగేదాకా ఎవరినీ వదలరట. దిగేసరికి చీకటి పడుతుందట. గెడ్డ అవతల నాలుగు అడుగులేస్తే మా సందు. నా పిల్ల అక్కడ ఉంది.

బండికి ముందు ఒకాయన వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఒక చేతిలో ఎర్రజెండా, ఒక చేతిలో పచ్చజెండా, నోట్లో ఈల. నెరిసిన గడ్డం, తెల్ల టోపీ. పాత ఊళ్ళోని సాయిబుల మనిషి. ఖలాసీల పెద్ద కాబోలు, అంతా ఆయన్ని సరంగు అంటున్నారు. ఆ కొండంత బరువు ఆయన కళ్ళ వైపు చూసుకుంటూ నడుస్తున్నట్టు ఉంది. ఆయన పచ్చజెండా కొంచెం అటు వంచితే అటు తిరుగుతోంది, ఇటు వంచితే ఇటు. ఇంటి దగ్గర మా మేక కూడా నా మాట అంతలా వినేది కాదు.

ముందెవరుంటే వాళ్ళని అడగమంది కదా ముసలమ్మ. తాడు కింద నుంచి దూరి వెళ్ళాను. పోలీసాయన "ఏయ్, ఏయ్" అంటూనే ఉన్నాడు.

"బాబూ, అమ్మోరిని దాటాల. అవతల పసిగుంట పొద్దుట్నించీ పస్తు ఉంది."

ఆయన చక్రాల మీంచి చూపు తియ్యలేదు. "గెడ్డ అవతలేనా?"

"అవతలే."

ఒక్కసారి నా వైపు చూశాడు. తువ్వాలు కూడా తడిసిపోయి ఉంది. మళ్ళీ చక్రాల వైపు తిరిగి ఎర్రజెండా నిలువునా ఎత్తి, పొడుగ్గా ఈల వేశాడు.

ఆగిపోయింది. ముందు ఇంజను ఆగింది, వెనక ఇంజను ఆగింది. రోడ్డు వణుకు ఆగింది. లోపలి ఘోష మాత్రం ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంది. ఆ నిశ్శబ్దంలో గెడ్డలో కప్పల అరుపు వినిపించింది. నా కోసం. రొయ్యల కంపు కొట్టే మనిషి కోసం అంత పెద్దది ఆగింది. తలెత్తి చూస్తూ నిలబడిపోయాను.

ప్లాస్టిక్ టోపీలు పెట్టుకున్న ఇంజనీర్లు ఇద్దరు పరుగున వస్తున్నారు. "క్యా హువా? క్యా హువా?" అంటున్నారు.

"టైరు సూస్తన్నాను సాబ్" అని కేకేశాడు సరంగు. ఆయన టైరు వైపు చూడనే లేదు. నాతో మెల్లగా, "జల్దీ ఎల్లు తల్లీ. రేకుల మీద మెల్లిగా అడుగెయ్యి, జారతాయి" అన్నాడు.

పోతూ పోతూ అడగకుండా ఉండలేకపోయాను. "ఇది నిజంగా అమ్మోరేనా బాబూ?"

"ఏమో తల్లీ. పొద్దున్న కదలమంటే కదల్నేదు. మావోళ్ళు కొబ్బరికాయ కొట్టేరు, నేనూ దువా సేసుకున్నాను. కదిలింది. అంతే నాకు తెలుసు."

దానికి ఎదురుగా నిలబడి ఒక్క దణ్ణం పెట్టాను. చెప్పులు చేత్తో పట్టుకుని రేకుల మీదుగా గెడ్డ దాటాను. వెనక ఈల మోగింది, రెండు ఇంజన్లూ ఒకేసారి మూలిగాయి.

మా సందు మొదట్లో ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది. అమ్మోరు వస్తోందని కబురు నాకంటే ముందే వచ్చేసింది. ఆడవాళ్ళందరి దగ్గరా పసుపునీళ్ళ బిందెలు. మా అత్త కాళ్ళ దగ్గరా బిందె ఉంది, భుజం మీద పిల్ల ఉంది. పిల్ల ఏడుపులో గొంతు లేదు, వట్టి గాలి వస్తోంది. కానీ ఏడుస్తోంది. ఏడుస్తోంది కదా అని నాకు ప్రాణం వచ్చింది.

"ఇంతసేపేటే! గుంట గొంతు ఆరిపోనాది! ఎక్కడ తిరుగుతన్నావే!" అని తిట్టడం మొదలుపెట్టింది మా అత్త. ఆ తిట్లు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పలేను.

కుళాయి గట్టు మీద కూలబడి పిల్లని తువ్వాలు కిందకి తీసుకున్నాను. మొదట పట్టుకోలేదు. తల అటూ ఇటూ తిప్పింది. ముక్కుతో పొడిచింది. "పట్టవే తల్లీ, పట్టు" అంటున్నాను. పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టిందంటే అబ్బా అన్నాను.

దీపాలు పెట్టే వేళకి అది గెడ్డ దాటి మా ముందుకి వచ్చింది. బిందెలు ఒకదాని తర్వాత ఒకటి ఒంపారు, రోడ్డంతా పసుపు. గట్టు వణికింది. ఆ వణుకు నాలోంచి పిల్లలోకి వెళ్ళింది. తాగడం ఆపి కళ్ళు పెద్దవి చేసింది. పైన ఆ తుప్పు రంగు గోడ, సంజె వెలుగులో ఎర్రగా, మా మీంచి పోతూనే ఉంది. ఎంతకీ అయిపోదు. దాన్ని చూసిందో లేదో, మూడో నెల పిల్ల ఏం చూస్తుంది, కానీ ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. తర్వాత ఓ నిట్టూర్పు విడిచి మళ్ళీ తాగడం మొదలుపెట్టింది.

అంతకు ముందే, దానికి ఎదురుగా సరంగు వెనక్కి నడుస్తూ వచ్చాడు కాబట్టి, వచ్చేటప్పుడు ఆయన వీపే కనిపించింది. మమ్మల్ని దాటాక మొహం మా వైపు తిరిగింది. నా తువ్వాలు కింద పిల్ల కాళ్ళు కనిపించాయేమో. నోట్లో ఈల అలాగే ఉంది, చూపు చక్రాల మీదే ఉంది. పచ్చజెండా మాత్రం ఒక్కసారి కిందకి వంగి లేచింది. బండి ఎటూ తిరగలేదు, తిన్నగానే పోయింది.

దాని వెనకాల, ఘటం వెనక నడిచే మనిషిలా, మా బస్సు వచ్చింది. కిటికీలోంచి ముసలమ్మ నడుము దాకా బయటికి వంగి ఉంది. ఆవిడ పడిపోకుండా గోదావరి ఆయన వెనక నుంచి చీర కొంగు పట్టుకుని, "పడతారండీ మామ్మగారూ, పడతారండీ" అంటున్నారు.

"తాగినాదేటే?" అని అరిచింది ముసలమ్మ.

"తాగుతంది మామ్మా! తాగుతంది!" అని అరిచాను. తువ్వాలు తిరిగి ఇవ్వాలని విప్పబోయాను.

"ఉంచుకో, ఉంచుకో. విప్పితే గుంట వొదిలెత్తాది" అంది. బస్సు పసుపునీళ్ళ మీదుగా మెల్లగా పోయింది.